మిస్త్రీ ఫ్రీ చెకింగ్

మా ఊరి కోట గోడలోని జటపురా గేటు దాటి లోపలికి వచ్చే రోడ్డులో, ఇంజన్లు బాగుచేసే మిస్త్రీ దుకాణం షట్టర్‌కి ఫ్లెక్స్ కట్టారు. పైన మరాఠీలో 'భావపూర్ణ శ్రద్ధాంజలి' అని ఉంది. కింద పూలదండల మధ్య ఆయన ఫోటో. ఫోటోలో నవ్వుతున్నాడు. పదకొండేళ్ళు ఆ దుకాణం మెట్ల మీద కూర్చున్నదాన్ని, ఆయన పళ్ళు నేను మొదటిసారి చూసింది ఆ ఫ్లెక్స్ మీదే. ఫోటో కింద 'యంత్రాల దేవుడు' అని కూడా వేయించారు. వేయించినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళింట్లో మిషనేదీ ఉండి ఉండదు.

పోయిన మనిషి గురించి ఇలా రాయడం బాగుండదని మా ఆయన అన్నాడు. ఆయనకేం, అంటాడు. మిస్త్రీ ఆయనతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడాడు. మాట్లాడనిది నాతోనే.

ఆ సంగతి ముందు చెప్పాలి. గడ్డి మిషను నాది. దాన్ని నడిపేది నేను, నూనె పోసేది నేను, బ్లేళ్ళు పదును పెట్టేది నేను. మా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు, గడ్డి మిషనులో పెట్రోలు ఎక్కడ పోస్తారో ఈ రోజుకీ ఆయనకి తెలియదు. అయినా మిషను బాగులేదని ఇద్దరం వెళితే మిస్త్రీ ఆయన వైపే తిరిగేవాడు. "సూది అరిగింది దాదా. బాయికి చెప్పు" అనేవాడు. బాయి అంటే నేను. చేతికి అందేంత దూరంలో నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు తిరిగి, "సూది అరిగిందట" అని చెప్పేవాడు. ఆయనకి అందులో తప్పేమీ కనిపించేది కాదు.

నేను ఒక్కదాన్నే వెళ్ళిన రోజున మిస్త్రీ గోడ మీది క్యాలెండర్‌కి చెప్పేవాడు. నిజంగానే చెబుతున్నాను, దాని కళ్ళలోకి చూసి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఆ క్యాలెండర్ మూడేళ్ళ పాతది. దానికి కార్బొరేటర్ గురించి నాకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది ఈపాటికి.

మా నాన్న బొగ్గు గని మేనేజరు బంగళాలో మాలి. గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ బంగళా దాకా వచ్చేసరికి దాన్ని కూల్చేశారు. ఆ రోజు మేనేజరు సామానంతా లారీకెక్కించి, షెడ్డులో మిగిలిపోయిన గడ్డి మిషనును మా నాన్నకి ఇచ్చి వెళ్ళాడు. ఎప్పుడో ఇంగ్లండు నుంచి దిగిన పెట్రోలు మిషను. ముందు తిరిగే బ్లేళ్ళ డోలు, వెనక ఇనుప రోలరు. ఇప్పుడు అందరూ భుజాన తగిలించుకునే కట్టర్లు గడ్డిని చింపి పారేస్తాయి. ఇది కత్తిరిస్తుంది. క్రికెట్ పిచ్ మీద గడ్డిని గోరు మందానికి తేవాలంటే మా చుట్టుపక్కల ఇదొక్కటే దారి. ఊర్జానగర్ వైపు ఒక కాలనీ మైదానం పని నాకు దొరికిందంటే ఈ మిషను వల్లే. నర్సరీ కూడా ఉంది మాకు, భద్రావతి రోడ్డు మీద, ఇల్లూ అక్కడే. కానీ మా ఎండలకి మే నెలలో సగం మొక్కలు మాడిపోతాయి. ఏడాది పొడుగునా మాకు అన్నం పెట్టేది ఆ మైదానమే.

మిషనులో అన్నీ గట్టివే, కార్బొరేటర్ తప్ప. అదో పిడికెడంత గిన్నె. అందులో ఇత్తడి బుడ్డి ఒకటి పెట్రోలు మీద తేలుతుంది. గిన్నె నిండగానే బుడ్డి పైకి లేచి, ఒక చిన్న సూదిని నెట్టి, పెట్రోలు వచ్చే రంధ్రాన్ని మూసేస్తుంది. సూది మొన అరిగితే రంధ్రం మూసుకోదు. పెట్రోలు కారిపోతూ ఉంటుంది, ఇంజను తడిసిపోతుంది, తాడు వంద సార్లు లాగినా అందుకోదు. ఇంతే. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. మిస్త్రీ పని చేసేటప్పుడు వీపు నావైపు తిప్పి కూర్చునేవాడు మరి. ఆయన బనీను వెనక ఎన్ని చిల్లులున్నాయో చెప్పమంటే చెప్పగలను.

ముందు టీ రావాలి. ఎదురుగా ఉన్న బండి నుంచి, మనమే తేవాలి. తెచ్చాక చల్లారిందని క్యాలెండర్‌కి ఫిర్యాదు చేసి, అయినా తాగి, మూతి తుడుచుకుని అప్పుడు కూర్చునేవాడు. ఆయన టిఫిన్ క్యారేజీ మూడు గిన్నెలది. పై రెంటిలో అన్నం, కూర. కింది గిన్నెలో పెట్రోలు పోసి విడిభాగాలు కడిగేవాడు. ఏ రోజైనా గిన్నెలు తారుమారయ్యాయేమో నాకు తెలియదు, అయ్యుంటే మాత్రం ఆయనకి తేడా తెలిసి ఉండదు. పెట్రోలు చిమ్మే సన్నటి జెట్‌ను నోట్లో పెట్టుకుని ఊదేవాడు, తర్వాత పక్కనే ఉమ్మేవాడు. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి.

"గీ ఊర్ల కార్బొరేటర్ అంటే ఏందో తెల్సినోడు ఒక్కడే ఉన్నడు" అనేవాడు అప్పుడప్పుడు. ఎవరని అడగాలని ఆయన ఆశ. నేను ఎప్పుడూ అడగలేదు. మా ఆయన మాత్రం ప్రతిసారీ అడిగేవాడు.

కొత్త సూది తెప్పించమంటే తెప్పించాననేవాడు. కలకత్తా నుంచి బయలుదేరిందట. బల్లార్షా దాకా వచ్చిందట. నేను ఎప్పుడు అడిగినా ఆ పార్సిల్ బల్లార్షాలోనే ఉండేది. ఒక ఎండాకాలం ఒళ్ళు మండి నేనే బస్సెక్కి బల్లార్షా వెళ్ళాను. స్టేషన్‌లో పార్సిళ్ళ దగ్గర కూర్చున్న ముసలాయన పాపం ఓపిగ్గా పుస్తకమంతా తిరగేశాడు. ఆ పేరు మీద సూది కాదు కదా, దారం కూడా రాలేదన్నాడు. తిరిగొచ్చి మిస్త్రీని నిలదీశాను. ఆయన తలెత్తకుండానే క్యాలెండర్‌కి చెప్పాడు.

"రైల్వేల పన్జేసేటోళ్ళకు సూదికి, గడ్డపారకు ఫరక్ తెల్వది."

ఇలాంటి మనిషి దగ్గరికి పదకొండేళ్ళు ఎందుకు వెళ్ళావని అడగొచ్చు. ఇంకెవరూ లేరు గనుక వెళ్ళాను. మిగతా మెకానిక్కులు మా మిషనును చూడగానే ఫోను తీసి ఫోటో దిగేవాళ్ళు, బాగు చేయమంటే చేతులెత్తేసేవాళ్ళు. మిస్త్రీ చేతిలో పడ్డాక మాత్రం మిషను నడిచేది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ ఇబ్బంది లేదు. ఎలా నడిచేదో తెలిశాకే నాకు ఆయన మీద ఉన్న కాస్త భయం కూడా పోయి, అసహ్యం ఒక్కటే మిగిలింది.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. టీ అయినా తన చేత్తో తెచ్చుకోని మనిషి, మిషను బాగు చేసిన రెండు మూడు వారాలకి తన పాత లూనా మోపెడ్ వేసుకుని ఎండలో మా నర్సరీ దాకా వచ్చేవాడు. ఫ్రీ చెకింగ్ అనేవాడు. మొదటిసారి నేను పొంగిపోయాను. కుర్చీ వేశాను, మజ్జిగ ఇచ్చాను. మజ్జిగ తాగి, వీపు తిప్పుకుని కార్బొరేటర్ విప్పి, మళ్ళీ బిగించి, "మస్తుగున్నది" అని జామచెట్టుకు చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు పెట్రోలు కారడం మొదలైంది.

ఒకసారి అంటే ఏదో అనుకోవచ్చు. ప్రతి చెకింగ్ తర్వాతా అంతే. మిషను ఆగేది, నేను ఆటోలో వేసుకుని దుకాణానికి వెళ్ళేదాన్ని, ఆయన దాన్ని మెట్ల కింద పదిహేను రోజులు ఉంచుకునేవాడు, తర్వాత నడిచేది, తర్వాత మళ్ళీ చెకింగ్. మా ఆయన మాత్రం, చూశావా ఎంత శ్రద్ధో అనేవాడు.

నాలుగో ఏడు నాకు బుద్ధి వచ్చింది. మిషను బాగా నడుస్తున్న రోజు చూసి, నేనే మొదటిసారి గిన్నె విప్పాను. సూది తీసి, దాని మొద్దు వైపు ఆకురాయితో ఒక గీత గీశాను. అక్కడ అప్పటికే చిన్న చుక్క ఒకటి గుంటలా కొట్టి ఉంది. కంపెనీ గుర్తేమో అనుకున్నాను. వారం తిరక్కుండా మిస్త్రీ లూనా వచ్చింది. మజ్జిగ ఇచ్చాను. ఆయన వెళ్ళగానే గిన్నె విప్పి చూశాను. లోపల ఉన్న సూదికి గీతా లేదు, చుక్కా లేదు. మొన మీద అరిగిన గాడి వేలికి తగిలింది.

అప్పటికప్పుడు ఆటో ఎక్కి దుకాణానికి వెళ్ళాను. మెట్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. విరూర్ అతను, తెలుగువాడే, భద్రావతిలో ఒక గెస్ట్‌హౌస్‌లో మాలి. అక్కడా మా దానిలాంటి పాత మిషనే ఉందని, దాన్నే బాగు చేయించడానికి వచ్చానని మాటల్లో చెప్పాడు. మిస్త్రీ ముందున్న గిన్నెలో, పెట్రోలు అడుగున, నా సూది పడి ఉంది. చెయ్యి పెట్టి తీశాను.

"ఇది నాది. గీత సూడు" అన్నాను.

మాలి లేచి వచ్చి చూశాడు. "గీత సంగతి నాకు తెల్వదక్కా. చుక్క మాది. మా పాత మాలి మేకు పెట్టి కొట్టిండు, నాకు సూపెట్టిండు గుడ."

ఇద్దరం మిస్త్రీ వైపు తిరిగాం. ఇంకెవరైనా అయితే నీళ్ళు నమిలేవాళ్ళు. ఈయన తాపీగా చేతులు తుడుచుకుని క్యాలెండర్ వైపు చూశాడు.

"మంచి సూది ఒక్కటే ఉన్నది. బండ్లు రెండున్నయి. ఒక్క బండిల్నే పెడితే ఒగలు తింటరు, ఒగలు పస్తుంటరు. నెలల సగం ఇటు, సగం అటు తిప్పితే ఇద్దరు తింటరు. గింత లెక్క తెల్వనోళ్ళకు మిషన్లు ఎందుకు?"

"మరి కలకత్తా పార్సిలో?" అన్నాను.

"బల్లార్షాల ఉన్నది."

మాలి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగేళ్ళుగా ఈ మనిషి నా కడుపును, ముక్కూ మొహం తెలియని ఇంకొకరి కడుపును లూనా మీద అటూ ఇటూ మోస్తూ, పైగా మా ఇంటి మజ్జిగ తాగుతూ, మనసులో తానేదో ధర్మప్రభువునని అనుకుంటున్నాడు. ఉన్న మాట చెబితే మేమే సర్దుకునేవాళ్ళం కదా. చెబితే ఆయన దేవుడెలా అవుతాడు.

చుక్క ముందుది, గీత తర్వాతది. అంటే ఆ సూది వాళ్ళదే. నా అసలు సూది ఎప్పుడో అరిగి ఏ మురిక్కాలవలోనో పోయి ఉంటుంది. ఈ సంగతి నాకు ఆ మెట్ల మీదే అర్థమైంది. పైకి మాత్రం అనలేదు. మాలి మంచివాడు, అతనికి ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు.

ఆ రోజు నుంచి దొంగచాటు పోయి బహిరంగం అయింది. పదిహేను రోజులు నాకు, పదిహేను రోజులు మాలికి. సోమవారం పొద్దున మారాలి. మార్చేది మాత్రం మిస్త్రీయే. మేము ముట్టుకుంటే సూది ఖరాబు అవుతుందట. అప్పటికి నేను కళ్ళు మూసుకుని ఆ గిన్నె విప్పి బిగించగలను. అయినా ఆయన లూనా మీద వచ్చి, వీపు తిప్పి కూర్చుని, ఫ్రీ చెకింగ్ అంటూనే మార్చేవాడు. సూదిని అగ్గిపెట్టెలో దూది మధ్య పెట్టుకుని భద్రావతి వెళ్ళేవాడు. మిగతా ఏడేళ్ళూ అలాగే గడిచాయి. ఒకసారి, లేత్ మిషను మీద కొత్త సూది చేయించరాదా అని అడిగాను.

"చేస్తున్న" అన్నాడు జామచెట్టుతో.

నేను గట్టిగానే నవ్వాను. ఆయనకి వినపడాలనే నవ్వాను.

మొన్న శనివారం మధ్యాహ్నం దుకాణంలో అన్నం తింటూ పక్కకి ఒరిగిపోయాడట. ఏ గిన్నెలో తిన్నాడో అని నాకు మొదట వచ్చిన ఆలోచన. మంచి ఆలోచన కాదని తెలుసు. వచ్చింది, అంతే. రెండో ఆలోచన సూది గురించి. అది నా మిషనులో ఉంది. సోమవారం మాలికి వెళ్ళాలి.

కాలనీ మైదానంలో టోర్నమెంట్ పది రోజుల్లో ఉంది. పిచ్ ఈసారి సరిగ్గా లేకపోతే పనిని నాగ్‌పూర్ నుంచి వచ్చే కట్టర్ల పార్టీకి ఇచ్చేస్తామని కమిటీ సెక్రటరీ రెండుసార్లు చెప్పి ఉన్నాడు. ఎంత కోసినా పిచ్ ఒక్క పూటలో కాదు. రోజు విడిచి రోజు, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. పది రోజులూ మిషను నా దగ్గరే నడవాలి.

సోమవారం పొద్దున్నే మాలి సైకిలు మీద వచ్చాడు. అంత దూరం తొక్కి చొక్కా అంతా తడిసిపోయింది. గేటు దగ్గరే ఆగి, "మిస్త్రీ లేడు గదా అక్కా, నేనే వచ్చిన. సూది మనమే మార్చుకోవాలె ఇగ" అన్నాడు. లోపలికి పిలిచి నీళ్ళిచ్చాను. గురువారం వాళ్ళ గెస్ట్‌హౌస్‌కి పెద్ద సాబు ఎవరో వస్తున్నాడట. లాన్ కోయకపోతే ఇక కాంట్రాక్టు వాళ్ళను పెట్టుకుంటామని, తన పని ఉండదని చెప్పారట. ఇదంతా అతను బతిమాలుతున్నట్టు చెప్పలేదు. తన వంతు వచ్చింది, తీసుకెళ్ళడానికి వచ్చాడు. వాకిలి దగ్గర నిలబడి నా మొహంలోకి చూస్తూ చెప్పాడు.

నేను అన్నాను: "నా కాడ లేదు తమ్మీ. శుక్రవారం చెకింగ్ అని వచ్చిండు మిస్త్రీ. తీస్కపోయిండు."

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట నాకు తెలియదు. ముందు అనుకున్నది కాదు. నోట్లో తయారుగా ఉన్నట్టే వచ్చింది. మాలి ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. మిస్త్రీ సంగతి అతనికి తెలుసు కదా. మిషను వెనక షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. చూపించమని అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. "అయితే దుకాణంల ఉంటది" అని సైకిలు తిప్పుకుని వెళ్ళాడు.

మిస్త్రీ భార్య తాళం ఇచ్చిందట. మాలి తన కార్బొరేటర్ తెచ్చుకుని రెండు రోజులు ఆ దుకాణంలో కూర్చున్నాడు. బుధవారం మధ్యాహ్నం మళ్ళీ మా గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో బిస్కెట్ల రేకు డబ్బా. మూత తీసి చూపించాడు. డబ్బా నిండా సూదులు. లేత్ మీద తీసినవి, చేత్తో అరగదీసినవి, ఇత్తడివి, ఉక్కువి. ఒక్కోదానికి చీటీ చుట్టి, పెన్సిలుతో మరాఠీలో రాసి ఉంది. ఒకదాని మీద, కొంచెం పొడుగు అని. ఒకదాని మీద, రెండు రోజులు ఆగి కారింది అని. చాలావాటి మీద, కారుతోంది అని మాత్రమే.

"అన్ని పెట్టి సూసిన అక్కా. ఒక్కటి గుడ కూసుంటలేదు" అన్నాడు మాలి.

జామచెట్టుతో ఆయన 'చేస్తున్న' అన్న మాట గుర్తొచ్చింది. వెంటనే కోపం వచ్చింది. ఎప్పుడూ అబద్ధమే చెప్పే మనిషి మధ్యలో ఒక్క నిజం చెబితే ఎవరు నమ్ముతారు. చేస్తున్నవాడు చేస్తున్నట్టు కూర్చోబెట్టి చూపించొచ్చు కదా, నాతో నా మొహం చూసి ఒక్క మాట చెప్పొచ్చు కదా. ఇన్ని చేసి ఒక్కటి కుదర్చలేనివాడు ఏం మిస్త్రీ. ఇలా మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్టుకుంటున్నంతసేపూ మాలి మొహం చూడనక్కర్లేకపోయింది.

అతను డబ్బా మూత పెట్టాడు. రేపే గురువారం. "అసలుది ఏడ దాచిండో ఏమో. పోయేటోడు పోక నా పొట్ట గొట్టి పోయిండు. దొంగ" అన్నాడు. అని పక్కకి తిరిగి ఉమ్మాడు. అంత నెమ్మదైన మనిషి నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

"దొంగే తమ్మీ. పదకొండేండ్లు సూసిన, నాకు తెల్వదా" అన్నాను.

అతను తలూపి, డబ్బాను సైకిలు వెనక కట్టుకుని బయలుదేరాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. తర్వాత వెనక్కి వెళ్ళి, టార్పాలిన్ తీసి, మైదానానికి తీసుకెళ్ళే ముందు ఒకసారి చూద్దామని మిషను తాడు లాగాను. ఒక్క లాగుకే అందుకుంది.